వారానికి మొదటి గడి ఏది?

సంపాదకుడు గారికి,

నా ఫోన్ క్యాలెండర్‌లో మొదటి గడి సోమవారం, గోడ క్యాలెండర్‌లో ఆదివారం. మొన్న ఐదో గడి శుక్రవారమే కదా అని గోడమీది తేదీకి సున్నా చుట్టి, డాక్టర్ దగ్గరికి ఒకరోజు ముందే వెళ్లి కూర్చున్నాను. పొరపాటు నాదే, కానీ గడులూ సాయం చేశాయి!

ఈ తగువు భాషల్లోనూ ఉంది. పోర్చుగీసులో సోమవారం పేరుకు అర్థం ‘రెండోది’. రష్యన్‌లో ‘రెండు’ నుంచి పేరు పుట్టింది మంగళవారానికి. అరబ్బీ లెక్క ఆదివారంతో మొదలు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 మాత్రం సోమవారానికే ఓటేసింది. దాని ప్రకారం ఏడాదిలో తొలి గురువారం పడ్డ వారమే ఒకటో వారం. అందుకే 2027 జనవరి 1, శుక్రవారం, 2026లోని 53వ వారంలోకి పోతుంది. వింతే, అయినా లెక్క తేలుతుంది.

నా ఓటూ సోమవారానికే. శని, ఆదివారాలను కలిపి వారాంతం అంటూ, అందులో ఒకదాన్ని తెచ్చి వారం మొదట్లో కూర్చోబెట్టడం ఏమిటి? అందరూ ఒప్పుకొనేదాకా, అపాయింట్‌మెంట్ మెసేజ్‌లు పంపేవాళ్లు తేదీ పక్కన వారం పేరు కూడా రాస్తే నాలాంటివాళ్లకు మేలు.

– ఒక పాఠకుడు