నా చిత్రాలు మేడ ఎక్కాయి, నేను ఎక్కలేకపోయాను: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను చక్రాల కుర్చీలో తిరిగే చిత్రకారిణిని. చేతుల్లో పట్టు లేదు. కుంచె పిడికి గుడ్డ చుట్టి, పళ్ల మధ్య బిగించి గీస్తాను. చిత్రకళే జీవనాధారం కావాలన్నది నా పట్టుదల.

మన ప్రభుత్వ ప్రదర్శనశాల మొదటి అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు, ర్యాంపు లేదు. మొన్నటి ప్రదర్శనకు నా చిత్రాలను పైకి తీసుకెళ్లారు, నేను మెట్ల దగ్గరే ఉండిపోయాను. చిత్రకారిణితో నాలుగు మాటలు మాట్లాడాకే చాలామంది కొంటారు. ఆ నాలుగు మాటలకే నేను దూరమయ్యాను. మోసుకెళ్తామని సిబ్బంది అన్నారు. వారి మంచి మనసుకు కృతజ్ఞతలు. కానీ నేను మూటలా కాదు, కళాకారిణిగా లోపలికి వెళ్లాలి.

దివ్యాంగ కళాకారులకు సదుపాయాలు, ఆర్థిక తోడ్పాటు కల్పించాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. చూపు పూర్తిగా పోయాక కూడా చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ 1972లో శాంతినికేతన్‌లో కుడ్యచిత్రం చేశారు. అక్కడి కళా విద్యాలయమైన కళాభవన్ గోడ ఆయనకు దక్కింది.

నా వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను. లిఫ్టు వచ్చేదాకా ప్రదర్శనలను కింది అంతస్తులో పెట్టించండి. ఆ లిఫ్టు ఎప్పటికి పూర్తవుతుందో తేదీతో సహా లిఖితపూర్వకంగా తెలపండి.

భవదీయురాలు,
మీ జిల్లా చిత్రకారిణి