మెయిల్‌కీ ఒక డిస్పాచ్ గుమాస్తా కావాలి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుమాస్తాగా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరైన పెన్షనర్ని. పోయిన నవంబరులో ఒక ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, లైఫ్ సర్టిఫికెట్ ఇంకా అందలేదు, వెంటనే పంపమని. మంచిదే. కానీ 'టు' గడిలో నాతోపాటు వంద మందికి పైగా పెన్షనర్ల అడ్రసులు బారుగా ఉన్నాయి. గంట తిరక్కుండా ఒక పెద్దాయన 'రిప్లై ఆల్' నొక్కి తన పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అందరికీ పంపేశారు. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంకో మెయిల్: పొద్దుటిది పట్టించుకోవద్దట. అదీ అందరి అడ్రసులతోనే! ముందు నవ్వొచ్చింది. సైబర్ మోసగాళ్లకు ఇది వడ్డించిన విస్తరి కదా అని తట్టాక టెన్షన్ మొదలైంది.

2021 సెప్టెంబరులో బ్రిటన్ రక్షణ శాఖ ఇదే తప్పు చేసింది. తాలిబన్ల చేతికి చిక్కకుండా బయటపడాలని చూస్తున్న 245 మంది అఫ్గాన్ల అడ్రసులు 'టు'లో పెట్టి పంపింది. 55 మంది ఫొటోలూ కనిపించాయి. ఒకరైతే తామున్న చోటు రిప్లై ఆల్‌లో చెప్పేశారు. 2023లో ఆ శాఖకు 3.5 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

మా రోజుల్లో సీసీ అంటే నిజంగా కార్బన్ కాపీయే. (నాలుగో కాపీ చదవడం దేవుడి తరం కూడా కాదనుకోండి.) సంతకమయ్యాక ఉత్తరం డిస్పాచ్ సెక్షన్‌కు వెళ్లేది. అక్కడి గుమాస్తా కవరు మీది అడ్రసును ఫైలుతో సరిచూసి, రిజిస్టర్‌లో ఎక్కించాకే స్టాంపు అంటించేవాడు. నా తప్పులు ఎన్ని పట్టుకున్నాడో! ఇప్పుడు రెండక్షరాలు కొట్టగానే మిగతా పేరు కంప్యూటరే నింపేస్తుంది. అది ఏ రామారావుదో చూసే రెండో మనిషి లేడు.

దయచేసి సర్క్యులర్ మాత్రం వేయకండి. "తగు జాగ్రత్త వహించవలెను" అని నేనే బోలెడు డ్రాఫ్టు చేశాను, ఒక్కరూ చదవలేదు. జాగ్రత్తను ప్రభుత్వ మెయిల్‌లోనే పెట్టించండి. 'టు', 'సీసీ'ల్లో బయటి అడ్రసులు పది దాటితే మెయిల్ కదలకూడదు. సెండ్ నొక్కాక 30 సెకన్లు ఆగాలి, జీమెయిల్‌లో ఆ వీలు ఎప్పటినుంచో ఉంది. జాబితాకు పంపేవి మెయిల్ మెర్జ్‌తో ఒక్కొక్కరికీ విడిగా వెళ్లాలి. బీసీసీని (ఒకరి అడ్రసు ఇంకొకరికి కనిపించకుండా దాచే గడిని) నమ్ముకుంటే దాన్ని గుర్తుపెట్టుకోవాల్సింది మళ్లీ ఆ అలసిపోయిన గుమాస్తాయే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ఎంత జరిమానా వేసినా ఆ పెద్దాయన ఖాతా నంబరు వంద ఇన్‌బాక్సుల్లోంచి వెనక్కి రాదు.

మళ్లీ నవంబరు వస్తుంది, లైఫ్ సర్టిఫికెట్ల మెయిళ్లూ వస్తాయి. ఈలోపు ఆ పది అడ్రసుల అడ్డుకట్ట ఒక్కటైనా వేయిస్తారా?

ఇట్లు,
ఒక పెన్షనర్