సీసా మీది లేబుల్ సంగతి

సువాన్, దక్షిణ కొరియా

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. పారేసే సీసాకు లేబుల్ ఊడదీయడమెందుకని మీరు అడిగారు. అది ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

రంగులేని నీళ్ల సీసాలను, కూల్‌డ్రింకు సీసాలను మిగతా ప్లాస్టిక్‌తో కలపకుండా విడిగా వేయాలన్న నియమం ఇక్కడి అపార్ట్‌మెంట్లలో 2020 డిసెంబరు 25న, విడి ఇళ్లలో మరుసటి ఏడాది అదే తేదీన అమలులోకి వచ్చింది. సీసాను ఖాళీ చేసి, కడిగి, లేబుల్ తీసి, నొక్కి, మళ్లీ మూత బిగించి వేయాలి.

మూతను ఉంచి లేబుల్‌ను మాత్రం తీయమనడం మీకు వింతగా తోచవచ్చు. ఫ్యాక్టరీలో సీసాలను ముక్కలు చేసి నీళ్ల తొట్టెలో వేసినప్పుడు, సీసాకు వాడే పెట్ ప్లాస్టిక్ నీటికన్నా బరువు గనుక మునుగుతుంది. మూతలకు వాడే పాలిథిలీన్, పాలీప్రొపిలీన్ పైకి తేలతాయి గనుక వాటిని సులువుగా తీసేయవచ్చు. లేబుళ్లన్నీ అలా తేలవు. వేడికి ముడుచుకుని సీసాను పట్టుకునే రకాల్లో కొన్ని పెట్‌తోపాటే అడుగుకు చేరతాయి. వాటిలో పీవీసీ అనే రకం ప్లాస్టిక్ ఉంటే మరీ చేటు: పెట్‌ను కరిగించే సుమారు 270 డిగ్రీల వేడిలో అది విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది, దానితో పెట్ పసుపుబారి పటుత్వం కోల్పోతుంది. పైగా జిగురు, సిరా ఉండనే ఉన్నాయి. ముక్కలు శుభ్రంగా ఉంటేనే వాటితో మళ్లీ సీసా చేయవచ్చు. లేకపోతే దిండ్లలో కూరే పీచు వంటి వాటికే పరిమితం. మేలైన పెట్ వ్యర్థం ఇక్కడ చాలినంత దొరకక ఈ దేశం ఒకప్పుడు జపాన్ నుంచి దిగుమతి చేసుకునేదంటే మీరు నమ్ముతారా?

అయితే కోట్లమంది గోళ్లతో గీకి చేసే పనిని తయారీదారులే తప్పించవచ్చు గదా అన్నది నా అభిప్రాయం. 2020లో లొట్టే చిల్సంగ్ కంపెనీ ఐసిస్ అనే తన బ్రాండు నీళ్లను లేబుల్ లేకుండా అమ్మడం మొదలుపెట్టింది. తరువాత మిగతావారూ అదే బాట పట్టారు. చెప్పవలసిన వివరాలు మూత మీదనో, కట్ట మీది కవరు మీదనో ఉంటాయి. లేబుల్ వేసేవారిలోనూ కొందరు చింపడానికి వీలుగా చుక్కల గీత పెడతారు. ఇంకొందరు మాత్రం మనతో పంతం ఉన్నట్టు జిగురు పూసి వదులుతారు.

మన పాత సామాన్ల గోదాముల్లో ఆడవాళ్లు కింద కూర్చుని, కత్తితో ఒక్కొక్క సీసా లేబుల్ కోసి తీయడం మీరూ చూసే ఉంటారు. ఇక్కడ ఇంటింటా జరిగే పని అక్కడ వారి చేతుల మీద పడుతోంది, అంతే తేడా.

చెల్లి పెళ్లికి వధూవరుల ఫొటోతో లేబుళ్లు అచ్చు వేయించి నీళ్ల సీసాలకు అతికిస్తామని బాబాయి అంటున్నాడని అమ్మ చెప్పింది. ఆ ముచ్చట మానమని, వీలైతే సీసాలకు బదులు ఇరవై లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టించమని మీరు ఒక మాట చెప్పండి. నేను చెబితే వినడు.

అమ్మకు నమస్కారాలు.

ఇట్లు,
మీ కుమారుడు