చీరల కౌంటర్ వెనక ఒక స్టూలు వేయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమీర్‌పేటలోని ఒక పెద్ద బట్టల షోరూంలో, చీరల కౌంటర్‌లో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. ఉదయం పదిన్నరకి వెళ్తే బయటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మధ్యలో అన్నానికి అరగంట. మిగతా సమయమంతా నిలబడే ఉండాలి. మధ్యాహ్నం రెండు మూడింటికి కస్టమర్లు ఒక్కరూ ఉండరు, అయినా కూర్చోకూడదు. గోడకి ఆనుకున్నా సీసీ కెమెరాలో చూసి ఫ్లోర్ మేనేజర్ కేకేస్తారు. ఇంటికెళ్లేసరికి పాదాలు వాచి చెప్పులు ఊడిరావు. మా కౌంటర్‌లో ఒక అక్కకి పిక్కల్లో నరాలు ఉబ్బాయి. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ రాసిన చీటీ చూపిస్తే, "అయితే మానేసి ఇంట్లో కూర్చో" అన్నారు. ఇద్దరు పిల్లల తల్లి, మానలేదు.

కూర్చుంటే కస్టమర్‌కి మర్యాద ఇవ్వనట్టు అని మా యాజమాన్యం మాట. పత్తర్‌గట్టిలో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో పాత దుకాణాలకి వెళ్లి చూడండి. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చునే చీరలు విప్పి చూపిస్తారు. అక్కడ పెళ్లి బట్టలు కొన్నవాళ్లెవరూ అవమానం జరిగిందని అనుకోలేదు.

కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక, కేరళ 2018లో కూర్చునే హక్కుని చట్టంలో పెట్టింది. 2021లో తమిళనాడు కూడా పెట్టింది. నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేంద్రం 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ అనే చట్టంలోనే ఉంది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. మా కౌంటర్ వెనకకి మాత్రం ఇంకా రాలేదు.

జీతం గురించీ ఒక మాట. పది నిమిషాలు లేటైతే సగం రోజు జీతం కట్ చేస్తున్నారు. పనిలో లేని సమయానికి ఎంతవుతుందో అంతే కోయాలని వేతనాల చట్టం చెబుతోంది. పే స్లిప్ ఇవ్వరు కాబట్టి, ఎంత పోయిందో చూపించడానికి మా దగ్గర కాగితమే లేదు.

కార్మిక శాఖ అధికారులు ఆషాఢం సేల్ రోజుల్లో, శ్రావణమాసం సాయంత్రాల్లో తనిఖీకి రావాలి. ఆఫీసు గదిలో రిజిస్టర్ చూసి వెళ్లిపోకుండా కౌంటర్ వెనకకి వచ్చి, మేనేజర్ పక్కన లేకుండా మాతో మాట్లాడాలి.

నా పేరు ప్రచురించవద్దని మనవి. తెలిస్తే పని పోతుంది.

ఒక సేల్స్ ఉద్యోగిని,
హైదరాబాద్