కార్బన్ బాణాలకు వేన్లు ఊడకుండా

ఇంట్లో వేన్లు (బాణం తోక దగ్గరుండే ప్లాస్టిక్ రెక్కలు) అతికించుకుంటున్నవాళ్లందరికీ: ఊడిన వేన్ అడుగు ఒకసారి చూడండి. జిగురంతా వేన్‌కే ఉండి షాఫ్ట్ (బాణం కడ్డీ) నున్నగా మెరుస్తుంటే, అక్కడ జిడ్డు మిగిలిపోయిందన్నమాట. పాత జిగురు మొద్దు బ్లేడుతో గీకండి; కార్బన్ పోగు లేస్తే ఆ బాణం ఇక వేయొద్దు. షాఫ్ట్‌నీ వేన్ అడుగునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక వేలు తగలనివ్వకండి. మన విశాఖ ఉక్కపోతలో చెమట చెయ్యి చాలు, పని చెడడానికి. సూపర్ గ్లూ సన్నటి గీత చాలు. ఎక్కువైతే ఆలస్యంగా గట్టిపడుతుంది, గాలిలో తేమకి చుట్టూ తెల్లగా పూస్తుంది. జిగ్‌లో (వేన్ని బాణానికి నొక్కి పట్టే బిగింపు) 30 సెకన్లు కదపకుండా ఉంచండి. తీశాక రెండు కొసలకీ చెరో చుక్క. ముందు కొస (బాణం మొన వైపుది) చుక్క అస్సలు మానొద్దు, బాణం టార్గెట్‌లోకి లోతుగా దూరితే వేన్ లేచేది అక్కడే. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్నే వేయండి.