పిచ్చర్ కాదు, క్యాచర్!

సంపాదకుల వారికి నమస్కారం.

నవంబరు మధ్యలో మీ క్రీడల పేజీ అడుగున అమెరికా బేస్‌బాల్ అవార్డు గురించి ఐదు లైన్ల వార్త వేశారు. ఆరోజే రాద్దామనుకున్నాను. కార్తీక మాసం, ఇంటి నిండా చుట్టాలు, వీలు కాలేదు. ఆరన్ జడ్జ్‌కు మూడోసారి ఎంవీపీ, అంటే ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు, అని శీర్షిక పెట్టారు, బాగుంది. కింద మాత్రం 'రాత్రికి రాత్రి స్టార్‌గా మారిన సియాటిల్ పిచ్చర్ కాల్ రాలీ రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు' అని రాశారు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. ఆ అబ్బాయి పిచ్చర్ కాదు, క్యాచర్. పిచ్చరంటే మన బౌలర్ లాంటివాడు, క్యాచరంటే వికెట్ కీపర్ లాంటివాడు. రాత్రికి రాత్రి స్టార్ అసలే కాలేదు.

బేస్‌బాల్ సంగతి మన పాఠకులకు ఎందుకు అంటారేమో. సియాటిల్ పక్కన బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్, బోథెల్ ఊళ్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ల పిల్లలకు సియాటిల్ జట్టు మేరినర్స్ అంటే ప్రాణం. నేను మేలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లి అక్టోబరు ఆఖరుకు తిరిగొచ్చాను. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పీఈటీగా చేశాను. అంతకుముందు కాలేజీ జట్టుకు వికెట్ కీపర్‌ని. అందుకే స్టేడియానికి తీసుకెళితే మా మనవడు బంతిని చూశాడు, నేను బ్యాటర్ వెనక గొంతుక్కూర్చున్న మనిషిని చూశాను.

మ్యాచ్‌లో ఒక్కో జట్టు పిచ్చర్లు సుమారు 140, 150 బంతులు వేస్తారు. ప్రతి బంతికీ క్యాచర్ గొంతుక్కూర్చోవాలి, లేవాలి. ఏ బంతి వేయాలో చెప్పేది కూడా అతనే. ఒంటికి కట్టుకున్న చిన్న పరికరం మీద మీటలు నొక్కితే పిచ్చర్‌కు టోపీలో వినిపిస్తుంది. గంటకు 150 కిలోమీటర్ల పైన వచ్చే బంతి బ్యాట్ అంచుకు తగిలి దారి మారితే నేరుగా వచ్చేది అతని ముఖం మీదికే. మేం చూసిన రోజు అలాగే ఒకటి మాస్కుకు తగిలింది. తల విదిలించుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. వెనక నిలబడ్డ అంపైర్ ఏమీ అనకుండా ముందుకొచ్చి, వంగి, జేబులోంచి చిన్న బ్రష్ తీసి, బ్యాటర్ పక్కన నేలలో ఉండే హోమ్ ప్లేట్ అనే పలకను తుడవడం మొదలుపెట్టాడు. ప్లేట్ మీద మట్టేమీ లేదు. క్యాచర్‌కు ఊపిరి తీసుకునే టైమ్ ఇవ్వడానికి అంపైర్లు అలా చేస్తారట, మా అబ్బాయి చెప్పాడు. దెబ్బ తిన్నవాడి పరువు పోకుండా, ఆట ఆగినట్టు కనపడకుండా ఇచ్చే ఆ అర నిమిషం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అలాంటి పని చేస్తూ ఈ కుర్రాడు 2025లో 60 హోమ్ రన్లు (మన సిక్సర్లలాంటివి) కొట్టాడు. కొన్నిరోజులు బ్యాటింగ్‌కు మాత్రమే దింపారు కానీ ఎక్కువ రోజులు ఆ ముసుగు వెనకే ఉన్నాడు. అంతకుముందు ఒక సీజన్‌లో క్యాచర్ల రికార్డు సాల్వడార్ పెరెజ్‌ది, 2021లో 48. అది దాటాడు. కుడి, ఎడమ రెండు వైపులా నిలబడి బ్యాటింగ్ చేసేవాళ్లలో మిక్కీ మాంటిల్ 1961లో కొట్టిన 54 దాటాడు. సియాటిల్‌లో దేవుడిలా చూసుకునే కెన్ గ్రిఫీ జూనియర్ 56 కూడా దాటాడు. సెప్టెంబరు 24 రాత్రి 59, 60 రెండూ కొట్టాడు. ఆ రాత్రే మేరినర్స్ 2001 తర్వాత మొదటిసారి తమ డివిజన్ (లీగ్‌లో వాళ్ల విభాగం) గెలిచింది. మేజర్ లీగ్ చరిత్రలో ఒకే సీజన్‌లో 60 అందుకున్న ఏడో మనిషి, వాళ్లలో ఒకే ఒక్క క్యాచర్.

ఇక రాత్రికి రాత్రి అన్న మాట. 2021లో వచ్చినప్పుడు 47 మ్యాచ్‌ల్లో 2 హోమ్ రన్లు, బ్యాటింగ్ సగటు .180, అంటే పది ప్రయత్నాలకు రెండు హిట్లు కూడా లేవు. మరుసటి ఏడు సీజన్ మొదట్లోనే చిన్న లీగ్‌కు దింపేశారు. మళ్లీ పైకొచ్చి 27 కొట్టాడు. ఆ సెప్టెంబరు 30న చివరి ఇన్నింగ్స్‌లో వేరేవాళ్లకు బదులు బ్యాటింగ్‌కు దిగి కొట్టిన హోమ్ రన్‌తోనే 21 ఏళ్ల తర్వాత ఆ ఊరు ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) చూసింది. తర్వాత 30, ఆ తర్వాత 34. 2024లో లీగ్ మొత్తంలో ఉత్తమ ఫీల్డర్‌గా ప్లాటినం గ్లవ్. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కాక 60. నాలుగేళ్లు కనపడకపోతే అది చూడనివాళ్ల లోపం. తండ్రి కాలేజీ బేస్‌బాల్ కోచ్‌గా చేసినవాడు. చిన్నప్పటి నుంచి కుడి ఎడమ రెండు చేతులా ఆడించాడు. 2025 జులైలో అట్లాంటాలో హోమ్ రన్ డెర్బీ అని పెద్ద పోటీ జరిగితే కొడుక్కి బంతులు వేసింది ఆ తండ్రే, వెనక పట్టుకున్నది పదిహేనేళ్ల తమ్ముడు. మొదటి రౌండ్‌లో బ్రెంట్ రూకర్‌తో సమానమైతే ఎవరి బంతి ఎక్కువ దూరం పోయిందని కొలిచారు. ఒక్క అంగుళం తేడాతో బయటపడి, చివరికి కప్పు కొట్టాడు. మేం ఇంట్లో సోఫా మీద కూర్చోలేకపోయాం, అంత టెన్షన్.

ఎంవీపీ ఓట్లలో జడ్జ్‌కు 17 మొదటి స్థానాలు, రాలీకి 13. పాయింట్లు 355, 335. జడ్జ్ గొప్పవాడు కాదని నేననను. సగటు .331, 53 హోమ్ రన్లు, మాటలా! రాలీ సగటు .247 మాత్రమే, అదీ ఒప్పుకుంటాను. కానీ ఓటు వేసినవాళ్లు బ్యాట్ లెక్క చూసినంత శ్రద్ధగా మోకాళ్ల లెక్క చూశారా అని నా ప్రశ్న. స్కోరుబోర్డు మీద పడని పనికి ఎప్పుడూ ఇంతే.

మన దగ్గర ఏం తక్కువ? విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్ 2015లో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ఒక వికెట్ కీపర్ చేసిన తొలి ట్రిపుల్ సెంచరీ అది. టెస్టు టోపీ వచ్చింది 2023లో, నాగపూర్‌లో. మధ్యలో ఎనిమిదేళ్లు అతను చేసిన కీపింగ్ ఎన్ని పత్రికలు రాశాయి? టోపీ వచ్చిన రోజు మాత్రం అందరూ పరుగెత్తుకొచ్చారు. బళ్లలోనూ అదే తంతు. నేను చివర పనిచేసిన చోట గ్రౌండ్‌లో సగం కొత్త గదులకు పోయింది, మిగతా సగంలో మీటింగుల షామియానాలు వేసేవారు. గుంజలు పాతిన గుంతలు పూడ్చమని మూడేళ్లు కాగితాలు పెట్టాను, ఒక్క అధికారీ వచ్చి చూడలేదు. చివరికి పిల్లలూ నేనూ పారలు పట్టుకుని పూడ్చుకున్నాం. అదే పిల్లల్లో ఒకడు జిల్లా జట్టుకు ఎంపికైతే వేదిక మీద శాలువా కప్పడానికి పదిమంది తయారు. క్రీడల పేజీ కూడా ఆ శాలువా ఫోటోతోనే నిండుతోంది. గుంత పూడ్చిన రోజు ఎవరికీ అక్కర్లేదు. ఒకప్పుడు మీ పేజీలోనే జిల్లా కబడ్డీ స్కోర్లు కూడా పూర్తిగా వేసేవారు, నా దగ్గర ఇప్పటికీ కత్తిరింపులున్నాయి. ఇప్పుడు ఎక్కడి నుంచో వచ్చిన ముక్కను చదవకుండానే అతికిస్తున్నట్టుంది.

అక్టోబరు 20న టొరంటోలో ఆ ఊరి జట్టుతో లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్. గెలిస్తే వరల్డ్ సిరీస్ అనే ఆఖరి పోరుకు వెళ్లేవారు. రాలీ ఒక హోమ్ రన్ కొట్టి ఆధిక్యం పెంచాడు. ఏడో ఇన్నింగ్స్‌లో టొరంటో ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ హోమ్ రన్ దెబ్బకు మేరినర్స్ 4-3తో ఓడిపోయింది. అప్పటిదాకా వరల్డ్ సిరీస్ గడప తొక్కని జట్టు మేరినర్స్ ఒక్కటే. మా మనవడు ఆ రాత్రి అన్నం తినలేదు.

మీ వార్తను ఫోటో తీసి వాడికి పంపాను. వాడికి తెలుగు చదవడం ఇంకా రాదు, మా కోడలు చదివి వినిపించిందట. వెంటనే ఫోన్ చేసి, 'తాతయ్యా, పిచ్చర్ అని ఎందుకు రాశారు?' అని అడిగాడు. ఆ సవరణ రెండు లైన్లలోనైనా వేయండి. అది కూడా ఫోటో తీసి పంపుతానని వాడికి మాటిచ్చాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తెనాలి