మా వార్డు వాళ్లందరికీ, ముఖ్యంగా ఆ నీళ్ల బాబాయ్ గారికి

అందరికీ నమస్కారం. నిన్న, 2021 మార్చి 14న, మన విశాఖ కార్పొరేషన్ ఎన్నికల కౌంటింగ్ అయ్యి ఇంటికి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. గొంతు పూర్తిగా పోయింది, అందుకే ఎవరి ఫోనూ ఎత్తడం లేదు, ఏమీ అనుకోకండి. కార్పొరేటర్‌గా గెలిచాం. పెద్ద మెజారిటీ ఏమీ కాదు, చివరి బ్యాలెట్ కట్ట విప్పే దాకా నాకు ఊపిరాడలేదు. ఇప్పుడు కూడా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, కానీ ఇవాళ రాయకపోతే పనుల్లో పడి రాయలేనేమోనని కూర్చున్నాను.

ఓటేసిన ప్రతి ఒక్కరికీ రెండు చేతులా దండం. మా ఆయన, అత్తయ్య, తమ్ముడు, పిల్లలు ఎంత చేశారో నాకు తెలుసు, వాళ్లు మనవాళ్లు, వాళ్లకి ఇంట్లో చెప్పుకుంటాను. ఇక్కడ చెప్పాల్సింది నాకు ఏమీ కాని ఒక పెద్దాయన గురించి.

మేం నామినేషన్లు వేసింది పోయిన ఏడాది మార్చిలో. 2020 మార్చి 15న కరోనా అని ఎన్నికల కమిషన్ మొత్తం ఆపేసింది. ఏడాది పాటు అభ్యర్థులమో కాదో తెలియకుండా ఉన్నాం. మళ్లీ ఈ ఫిబ్రవరిలో, ఆగిన చోటి నుంచే మొదలు అన్నారు. నామినేషన్ల ఉపసంహరణ గడువు మార్చి 3న ముగిసింది, 10న పోలింగ్, మధ్యలో 5న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకం వద్దని బంద్. ఇంక తిరగడానికి రోజులెక్కడున్నాయి? చేతికిచ్చిన ఓటర్ల జాబితా చూస్తే ఒక వీధి నంబర్లు మూడు చోట్ల, మొగుడి ఓటు ఒక బూత్‌లో, పెళ్లాం ఓటు ఇంకో బూత్‌లో. మాది కొండవాలు. ఒక్క మెట్ల వరుస తప్పు ఎక్కామంటే దిగి మళ్లీ ఎక్కాల్సిందే.

మొదటి రోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆ జాబితా తిరగేస్తుంటే, పక్కింటికి ఎవరినో చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన ఆగి, "ఏటమ్మా, ఎవరిల్లు కావాలి?" అన్నారు. చూపించాను. "ఈ నంబరు ఇక్కడుండదు తల్లీ, రావిచెట్టు వెనకాల మెట్లెక్కాల" అన్నారు. ఇంకోటి అడిగాను, అదీ చెప్పారు. అప్పుడు తెలిసింది, ఆయన సర్వీసంతా మా కొండ లైన్లకి నీళ్లు వదిలే పనిలోనే గడిచిందని. రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయనకి మా వార్డులో ఓటు లేదు. నాది ఏ పార్టీ అని కూడా అడగలేదు. జాబితా ఒక కాపీ ఇవ్వమన్నారు, ఇచ్చాను, అంతే.

మర్నాడు పొద్దున్నే ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి ఇచ్చారు. రాత్రంతా కూర్చుని మెట్ల వరుసల ప్రకారం పేర్లన్నీ చేత్తో మళ్లీ రాశారు, పక్కన చిన్న అక్షరాలతో ఇంటింటి సంగతీ. "ఈమె మెట్లు దిగలేదు, నువ్వే పైకెళ్లు." "వీళ్లు నీకు వెయ్యరు, అయినా వెళ్లి కుళాయి సంగతి అడుగు." "ఈ ఇంట్లో అమ్మ కరోనాలో పోయింది, పేరు ఇంకా జాబితాలో ఉంది, ఓటు మాట ముందు ఎత్తకు." ఆ వాక్యం దగ్గర ఏడుపు ఆగలేదు నాకు. ఆ ఇంటికి వెళ్లాను. ఓటు అడగలేదు, ఆ అమ్మ ఫొటో ముందు కాసేపు కూర్చుని వచ్చేశాను. జాబితా తయారు చేసినవాళ్లకి ఆమె ఒక నంబరు, ఈయనకి మాత్రం బిందె పట్టుకుని లైన్లో నిలబడ్డ మనిషి.

కనీసం బస్సు ఖర్చులైనా తీసుకోండి బాబాయ్ గారూ అంటే, "డబ్బు తీసుకుంటే ఆ పుస్తకం నీకు అమ్మినట్టవుతాది" అన్నారు. మరి ఎందుకు చేశారు ఇదంతా అని అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "కార్పొరేటర్ లేని రోజుల్లో జనం నా దగ్గరికొచ్చి అడిగేవోరమ్మా. నా చేతిలో ఉన్నది వాల్వ్ తిప్పే కీ ఒక్కటే."

ఇక్కడ నాకు కోపం వస్తుంది, చెప్పకుండా ఉండలేను. విశాఖలో ఇంతకు ముందు కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది 2007లో. ఆ కౌన్సిల్ గడువు 2012లో అయిపోయింది. తర్వాత తొమ్మిదేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలనే. గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి చేయాలని రాజ్యాంగంలో 243యు అధికరణం స్పష్టంగా చెబుతోంది కదా, మరి విలీనాలని, వార్డుల విభజన అని, కోర్టు కేసులని ఇన్నేళ్లు ఎలా నడిపారు? అనకాపల్లి, భీమిలి కలిశాయి, 72 వార్డులు 98 అయ్యాయి, నగరం పెరిగింది, అడిగే గొంతు మాత్రం లేదు. వచ్చిన అధికారుల్లో మంచివాళ్లు లేరని కాదు, బదిలీ అయితే వెళ్లిపోతారు, మా మెట్ల మీద నీళ్ల కోసం కూర్చున్న ఆడవాళ్లు ఎక్కడికి వెళ్తారు? ఇప్పుడు కౌన్సిల్ వచ్చినా, రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో నగరపాలక సంస్థలకి ఇవ్వదగ్గ పనులని 18 రాశారే, వాటిలో నిజంగా మా చేతికి ఎన్నొస్తాయో. నీటి సరఫరా కూడా అందులోదే.

ఉక్కు ఫ్యాక్టరీ గురించి ప్రతి గుమ్మంలోనూ అడిగారు. అమ్మకం ఆపే అధికారం కార్పొరేటర్‌కి లేదని అప్పుడే చెప్పాను. కౌన్సిల్లో తీర్మానం పెట్టమని మాత్రం కచ్చితంగా అడుగుతాను, అది నా మాట.

గెలిచానని నిన్న రాత్రి బాబాయ్ గారికి ఫోన్ చేస్తే నాకు మాట రాలేదు. ఆయనే, "18న ప్రమాణం అయ్యాక ముందు పై వరుసకి నీళ్లు ఏ టైముకి వదుల్తన్నారో కనుక్కో, సన్మానాలు తర్వాత" అన్నారు. అలాగే బాబాయ్ గారూ. మీ పేరు రాయొద్దన్నారు, రాయలేదు. మీ రుణం తీర్చుకోలేను.

అయ్యో, బూత్‌లో పొద్దున్నుంచి అన్నం కూడా తినకుండా కూర్చున్న మా ఏజెంట్ పిల్లలు! వాళ్లకి, డ్వాక్రా అక్కలకి చాలా చాలా థాంక్స్. ఓడినా వచ్చి నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్న ఎదుటి అభ్యర్థి అక్కకి కూడా, మీ వీధి పని ఆగదు అక్కా. జెరాక్స్ షాపు తమ్ముడూ, నీ బాకీ ఇంకా ఉంది, రేపు పంపిస్తాను. ఇంకెవరినైనా వదిలేస్తే కింద రాయండి, చేరుస్తాను. ఆ, మైకు ఆటో అన్నయ్య, జ్వరంతోనే తిరిగాడు ఆఖరి రోజు.